పుట్టినరోజు టేబుల్

పుట్టినరోజు విందుకు టేబుల్ కావాలని ఫోన్ చేసేవాళ్లు ముందుగా అడిగేది డెకరేషన్ గురించే. బెలూన్లు కడతారా, కేక్ మేం తెచ్చుకోవచ్చా, పాట వేస్తారా, డిస్కౌంట్ ఏమైనా ఉందా... అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, ఆ తర్వాత నేనొకటి అడుగుతాను: "పుట్టినరోజు ఎవరిది సార్?" "మా నాన్నగారిది. డెబ్బై నిండుతున్నాయి" అంటారు. ఇక అక్కణ్నుంచి బెలూన్ల సంగతి పక్కకు పోతుంది. నాన్నగారు మెట్లెక్కగలరా, రాత్రి ఎన్నింటికి భోంచేస్తారు, శనివారం నీచు తింటారా అని మాట్లాడుకుంటాం.

బంజారాహిల్స్ వైపు ఒక రెస్టారెంట్లో స్టీవార్డ్‌గా చేరి, కెప్టెన్‌నయి, ఇప్పుడు రిజర్వేషన్లూ పార్టీలూ చూసుకుంటున్నాను. ఇన్నేళ్లలో వేల కుటుంబాలు నా కళ్లముందు పుట్టినరోజులు చేసుకున్నాయి. విందు బాగా జరిగిన టేబుళ్లన్నిటిలో ఒకటి గమనించాను. అక్కడ కూర్చునేవాళ్లలో ఎక్కువ ఇబ్బంది పడేది ఎవరో ముందే ఆలోచించి చోటు ఎంచుకున్నవాళ్లవి అవి. మోకాళ్లు నొప్పులు పుట్టే అమ్మమ్మ, చెవి కొంచెం మందమైన తాతయ్య, ఎనిమిదింటికల్లా నిద్రకు ఏడుపు మొదలుపెట్టే పసివాడు. వాళ్లు హాయిగా ఉంటే తక్కినవాళ్ల నవ్వులు వంటింటి దాకా వినిపిస్తాయి.

హైదరాబాద్‌లో చోట్లకేం కొదవ లేదు. తిండికి పేరున్న నగరంగా 2019లో యునెస్కో కూడా గుర్తించిన ఊరిది. సికింద్రాబాద్‌లో 1953లో సినిమా హాలు పక్కన చిన్న కేఫ్‌గా మొదలైన ప్యారడైజ్ ఉంది, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో బావర్చి ఉంది. ఆకేసి, నెయ్యి వేసి, కొసరి కొసరి వడ్డించే కాకినాడ సుబ్బయ్యగారి హోటల్ ఇక్కడికీ వచ్చింది. రాయలసీమ రాగిసంకటి, నాటుకోడి పులుసు కావాలన్నా వీధికొకటి దొరుకుతుంది. వీటిలో ఏది గొప్పదని నన్నడిగితే చెప్పను. ఎవరిని తీసుకెళ్తున్నారో చెబితే ఏది సరిపోతుందో చెబుతాను.

అమ్మ షష్టిపూర్తికి ఫలక్‌నుమాలో భోజనం పెట్టిస్తే ఎలా ఉంటుందని అడిగేవాళ్లున్నారు. నాకది మంచి కోరికగానే అనిపిస్తుంది. పాయిగా ప్రభువు వికారుల్ ఉమ్రా కట్టించిన మేడ, ఆ తర్వాత ఆరో నిజాం చేతికొచ్చింది. 2010 నుంచి తాజ్ వాళ్లు హోటల్‌గా నడుపుతున్నారు. నూటొక్కమంది కూర్చునే భోజనబల్ల అక్కడే ఉంది. జీవితమంతా ఇంటిపనిలో గడిచిన తల్లికి ఆ మెట్లూ ఆ దీపాలూ ఒక్కసారి చూపించాలనుకోవడంలో తప్పేముంది? కాకపోతే కూకట్‌పల్లి నుంచి సాయంత్రం ట్రాఫిక్‌లో బయల్దేరితే అక్కడికి చేరేసరికి ఆవిడ నడుము పట్టేస్తుంది. అలాంటప్పుడు మధ్యాహ్నమే బయల్దేరి, దారిలో ఎవరైనా చుట్టాలింట్లో కాసేపు నడుం వాల్చి వెళ్లమంటాను.

చోటు ఖాయం చేసుకునే ముందు ఒకసారి స్వయంగా వెళ్లి చూసి రండి. ఫొటోల్లో దీపాలు కనిపిస్తాయి, మెట్లు కనిపించవు. సెల్లార్లో కారు దిగిన దగ్గర్నుంచి లిఫ్ట్ ఉందా, లేక ర్యాంప్ మీదుగా పైదాకా నడిచి రావాలా చూడండి. బాత్రూం అదే అంతస్తులో ఉందో లేదో కనుక్కోండి. కుర్చీలో మీరే కూర్చుని లేచి చూడండి. ఈమధ్య కొత్తగా వచ్చేవన్నీ లోతైన సోఫాలు. చూడ్డానికి బాగుంటాయి గానీ మోకాలి ఆపరేషన్ చేయించుకున్న మనిషి అందులోంచి లేవాలంటే ఇద్దరు చెయ్యందించాలి. చేతులున్న గట్టి కుర్చీ ఒక్కటి వేయించమని అడగండి, ఏ కెప్టెనూ కాదనడు.

ఎనిమిదిమంది వరకూ అయితే గుండ్రటి బల్ల మేలు. పన్నెండు, పదిహేనుమంది అయ్యారంటే చాలాచోట్ల నాలుగు బల్లలు కలిపి రైలుపెట్టెలా పొడుగ్గా వేస్తారు. అప్పుడు పుట్టినరోజు మనిషిని పెద్దరికం కదా అని కొసన కూర్చోబెట్టకండి. అక్కడ కూర్చుంటే పక్కనున్న ఇద్దరి మాటలే వినపడతాయి. గోడవైపు, నడిమధ్యలో కూర్చోబెడితే రెండు పక్కలవాళ్లూ అందుబాటులో ఉంటారు, వెనక వడ్డించేవాళ్ల రాకపోకలూ ఉండవు. తలమీద స్పీకర్ ఉందేమో కూడా చూసుకోవాలి.

ఈ స్పీకర్ మాట ఎందుకు అంటున్నానంటే, ఒక విందు నాకు బాగా గుర్తుంది. తెనాలి వైపు ఊళ్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన పెద్దాయన. సహస్ర చంద్రదర్శనం శాంతి ఊళ్లో జరిపించి, పిల్లలూ మనవలూ కలిసి హైదరాబాద్‌లో ఒక పూట బయట భోంచేద్దామనుకున్నారు. కొడుకు డాలస్ నుంచి ఫోన్ చేశాడు, కూతురు ఇక్కడే ఉంటుంది. ఆవిడ రెండ్రోజుల ముందే వచ్చి హాలంతా తిరిగి చూసింది. కుర్చీల్లో కూర్చుంది. "నాన్నకి ఎడమచెవి వినపడదండీ, కుడిపక్కన మనవలు కూర్చునేలా చూడండి" అంది. అందరికీ వీలైంది శనివారమే అయినా, ఆయన శనివారం మాంసం ముట్టరని గురువారానికి మార్చారు. ఆయన భోజనం ఏడింటికి, కాబట్టి మేమూ ఏడింటికే సిద్ధం.

మా వంట ఉస్తాద్‌తో ముందే మాట్లాడాను. పళ్లు కదులుతున్న మనిషికి టంగ్డీ, చాప్స్ ఎందుకని, మెత్తగా ఉడికిన ఖీమా, శామీ కబాబ్ చేయిస్తానన్నాడు. కారం తగ్గించి నాటుకోడి పులుసు, ముళ్లు తీసిన కొర్రమీను, చివర్లో మెత్తటి పెరుగన్నం. పెరుగన్నం మా మెనూలో లేదు. అయినా ఏ వంటింట్లోనైనా అన్నమూ పెరుగూ ఉంటాయి. అల్లం, కరివేపాకు వేసి పోపు పెట్టడానికి ఎంతసేపు? ముందురోజు చెబితే చేసిపెట్టని వంటవాడు నాకు తెలిసి లేడు. ఆ పూట వాళ్ల బల్లకు పైనున్న స్పీకర్ కట్టేయించాను. భోజనం మధ్యలో ఆయన తన చిన్నప్పటి ముచ్చట ఎత్తుకున్నారు. పరీక్ష ఫీజు కట్టడానికి వాళ్లమ్మ గేదెను అమ్మిన సంగతి. అమెరికాలో పుట్టిన మనవడు ఫోన్ బల్లమీద బోర్లించి, "తర్వాత ఆ గేదె ఏమైంది తాతయ్యా?" అని అడగడం నేను పక్కనే నీళ్లు పోస్తూ విన్నాను. పాటలు మోగుతూ ఉంటే ఆ ప్రశ్న పుట్టేది కాదు.

శనివారం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. తారీఖు ఖాయం చేసేముందు క్యాలెండర్లో తిథి, వారం చూసుకోండి. కార్తీకమాసంలోనూ శ్రావణంలోనూ సగం ఇళ్లలో నీచు ఉండదు. పెద్దవాళ్లకు రోజు ఒక్కటే కాదు, వంటిల్లు కూడా పట్టింపే. "గరిట వేరేనా బాబూ, నూనె వేరేనా?" అని అడుగుతారు. అడగడం వాళ్ల హక్కు. సమాధానం నిజం చెప్పడం మా పని. మా దగ్గర వెజ్‌కు బర్నర్లూ గరిటెలూ వేరు, వంటిల్లు మాత్రం ఒకటే. ఆ మాట విన్నాక అమ్మమ్మ అరటిపండు తిని కూర్చుంటుందనుకుంటే, ఆ ఒక్కపూట అందరూ శాకాహార హోటల్‌కే వెళ్లడం మంచిది. బిర్యానీ మర్నాడైనా దొరుకుతుంది.

2024లో తెలంగాణ ఆహార భద్రతా అధికారులు నగరంలో హోటళ్ల మీద వరసపెట్టి తనిఖీలు చేశాక, వంటిల్లు చూపిస్తారా అని అడిగేవాళ్లు పెరిగారు. చాలా మంచిది. కౌంటర్ దగ్గర పద్నాలుగు అంకెల లైసెన్స్ నంబరు అందరికీ కనిపించేలా ఉండాలి, చూడండి.

బిర్యానీ తినాలనుకుంటే వేళ ముఖ్యం. హైదరాబాదీ కచ్చీ బిర్యానీలో నానబెట్టిన పచ్చి మాంసం అడుగున, సగం ఉడికిన బియ్యం పైన వేసి, మూత చుట్టూ పిండితో మూసి దమ్ పెడతారు. హండీ తెరిచిన కొత్తలో తినాలి. ఉస్తాద్ పక్కనుంచి గరిట దించి, అడుగుదాకా పోనిచ్చి, మెతుకు విరక్కుండా ఒక్కసారే పైకి తీస్తాడు. తెల్ల మెతుకు, పసుపు మెతుకు, మసాలా, ముక్క అన్నీ వరసగా పళ్లెంలోకొస్తాయి. అదే హండీ రాత్రి పదిన్నరకి అడుగంటుతుంది. అప్పుడు ముక్క ఎక్కువ, మెతుకు ఎండిపోయి ఉంటుంది. మనవాళ్లు వారాంతాల్లో తొమ్మిదికి గానీ ఇల్లు కదలరు. ఏడున్నరకి రండి. హాలు ఖాళీగా ఉంటుంది, స్టీవార్డ్‌కి తీరిక ఉంటుంది, హండీ అప్పుడే తెరిచి ఉంటుంది. బుఫే చవకని చాలామంది దానికే మొగ్గు చూపుతారు గానీ, ముసలివాళ్లతో వస్తే వద్దు. పళ్లెం పట్టుకుని తిరగడం వాళ్ల వల్ల కాదు, పిల్లలు తెచ్చిపెడుతూ తాము తినరు.

ఇక కేకు. బయటి కేకుకు కొన్నిచోట్ల రుసుం తీసుకుంటారు, ముందే కనుక్కోండి. కత్తి, పళ్లేలు మేం ఇస్తాం. కానీ ఒక విషయంలో నేను ఎవరి మాటా వినను. కొవ్వొత్తులు వెలుగుతుండగా స్నో స్ప్రే కొట్టనివ్వను. ఆ డబ్బాల్లో నురుగును బయటికి తోసేది చాలావాటిలో మండే గ్యాసే. కేకు మీద మంట ఉండగా ముఖానికేసి కొడితే జుట్టు అంటుకుంటుంది, చీర అంటుకుంటుంది. కుర్రాళ్లు సరదాకు తెస్తారు, కోప్పడతారు, "ఏంటన్నా, ఒక్కసారే కదా" అంటారు. నేను డబ్బా తీసుకుని కౌంటర్లో పెట్టి, వెళ్లేటప్పుడు ఇచ్చేస్తాను. ఏడాది పిల్లల పుట్టినరోజైతే పొగ చిమ్మే కొవ్వొత్తులు, పెద్ద డప్పులు కూడా వద్దంటాను. దీపాలు ఆర్పి అందరూ ఒక్కసారి అరిస్తే పసివాడు జడుసుకుంటాడు. దీపాలు వేసే ఉంచి, తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, మెల్లగా పాడితే వాడే క్రీములో చెయ్యి పెడతాడు.

సర్‌ప్రైజ్ ఇవ్వాలనుకునేవాళ్లకు కూడా ఒక మాట. ఇరవై అయిదేళ్ల కుర్రాడికి ఇవ్వండి, సంతోషిస్తాడు. అరవై దాటిన అమ్మకు వద్దు. ఆవిడకి షుగర్ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో లెక్క ఉంటుంది. సాయంత్రం టిఫిన్ మానుకోవాలో వద్దో తెలియాలి. అంతకంటే ముఖ్యం, మంచి చీర తీసి కట్టుకునే సమయం కావాలి. గుడికని చెప్పి ఇంటి చీరలోనే తీసుకొచ్చిన తల్లులు ఫొటోలకు వెనక్కి తప్పుకోవడం చూశాను. పొద్దున్నే చెప్పండి. పిల్లల్లో ఎవరు విమానం దిగి వస్తున్నారన్నది మాత్రం కావాలంటే దాచుకోండి.

చివరికి బిల్లు. మామూలు రెస్టారెంట్లలో భోజనం మీద జీఎస్టీ 5 శాతం. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే పెద్ద హోటళ్లలో అయితే 18 శాతం. ఇరవైమంది విందులో ఆ తేడా చిన్నది కాదు, కాబట్టి బడ్జెట్ వేసుకునేటప్పుడే కలుపుకోండి. సర్వీస్ ఛార్జి బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఎక్కడైనా కలిపి ఉంటే తీసేయమని మర్యాదగా అడగండి. వడ్డించిన కుర్రాడికి ఇవ్వాలనిపిస్తే నేరుగా వాడి చేతికే ఇవ్వండి, వాడికి అదే అందుతుంది.

బిల్లు ఎవరికివ్వాలో టేబుల్ బుక్ చేసినప్పుడే చెప్పి పెట్టండి. లేకపోతే అన్నదమ్ములు ముగ్గురూ కార్డులు పట్టుకుని లేస్తారు, ఈలోగా నాన్నగారు జేబులో చెయ్యి పెట్టేస్తారు. నాకు ముందే పేరు చెప్పినవాళ్లకైతే కేకు కోసే హడావిడిలో కౌంటర్ దగ్గరే లెక్క తేల్చేయిస్తాను. ఫోల్డర్ టేబుల్ మీదికి రాదు. పెద్దాయన "బాబూ, బిల్లు తీసుకురా" అంటే, "అయిపోయిందండీ, మీ చిన్నబ్బాయిగారు ఇచ్చేశారు" అని చెప్పి, ఆయనకు సోంపు పళ్లెం అందిస్తాను.