మేడమీద కమ్మరి

భిలాయి వైశాలి నగర్‌లో ఒక తెలుగు కుటుంబం ఇంటి మేడమీద, 2018 చివరి నెలల్లో ప్రతి ఆదివారం సాయంత్రం ఒక రాజ్యం వెలిసేది. నీళ్ళ ట్యాంకు దాని కోట. తీగమీద ఆరవేసిన దుప్పట్లు దాని సరిహద్దులు. నలుగురు కుర్రవాళ్ళు చాపమీద చుట్టూ కూర్చునేవారు. ఒకడు కథ చెప్పేవాడు. తక్కిన ముగ్గురు ఆ కథలోని మనుషులై పలికేవారు. "గుహ తలుపు తెరుస్తావా, వెనుదిరుగుతావా?" అని కథకుడు హిందీలో అడిగితే, ఆ వంతు వచ్చినవాడు ఇరవై ముఖాల పాచికను దొర్లించేవాడు. పడిన అంకెను బట్టి తలుపు తెరుచుకునేది. లేదా లోపలి భూతం మీద పడేది. గెలుపోటములు లేని ఆట అది. కథ ఎంతకాలం సాగితే ఆట అంతకాలం సాగుతుంది.

ఇంటి యజమాని ఉక్కు కర్మాగారంలో ఉద్యోగి. ఆయన తండ్రి శ్రీకాకుళం జిల్లానుంచి 1958లో ఒక ట్రంకుపెట్టెతో ఇక్కడికి వచ్చినవాడు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన నాడు ఆ జనంలో నిలబడినవాడు. మనుమడికి పదహారేళ్ళు. చదువుతున్నది పదకొండో తరగతి. ఐ.ఐ.టి. ప్రవేశ పరీక్షకు పిల్లలను తీర్చిదిద్దడంలో పేరుపడ్డ ఊరిలో ఆ తరగతి అంటే ఇంటిల్లిపాదికీ పరీక్షే.

జనవరిలో ఒక రాత్రి తండ్రి భౌతికశాస్త్రం నోట్సు కోసం కొడుకు బల్ల వెదికాడు. దొరికింది వేరొక పుస్తకం. రెండువందల పేజీలు, సన్నని అక్షరాలు, అడవుల పటాలు, నదుల పేర్లు, మంత్రాల పట్టికలు. ఒక పేజీలో "కమ్మరి. వయస్సు 70. ఆయుధం: సుత్తి. ప్రాణాలు: 14" అని ఉంది. రసాయనశాస్త్రం నోట్సు మాత్రం నలభయ్యో పేజీ దగ్గరే ఆగిపోయి ఉంది. ఆయన కేకలు వేయలేదు. మరునాడు పాతకాగితాలవాడు వచ్చినపుడు, దినపత్రికల కట్ట మధ్య ఆ పుస్తకాన్ని కూడా తూకానికి వేశాడు.

కుర్రవాడు ఏడవలేదు. అన్నం దగ్గర మాట్లాడడం మానేశాడు.

తండ్రి భయంలో అర్థం లేకపోలేదు. పోయిన సాయంకాలాలు నిజంగా పోయినవే. రసాయనశాస్త్రం తనంత తాను పూర్తికాదు. కాని ఈ ఆటపట్ల పెద్దల భయానికి చదువును మించిన చరిత్ర ఉంది. అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' పేరుతో దీనిని అచ్చువేశారు. 1979 ఆగస్టులో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న జేమ్స్ ఎగ్బర్ట్ అనే పదహారేళ్ళ మేధావి కనిపించకుండా పోయాడు. విశ్వవిద్యాలయం క్రింది ఆవిరిగొట్టాల సొరంగాలలో ఈ ఆట ఆడుతూ దారి తప్పి ఉంటాడని, కుటుంబం నియమించిన పరిశోధకుడు విలియమ్ డియర్ అనుమానించాడు. పత్రికలకు అంతకన్న రుచికరమైన కథ ఏముంటుంది? దేశమంతా పాకింది. అబ్బాయి కొన్ని వారాలకు లూసియానాలో దొరికాడు. దారి తప్పింది సొరంగంలో కాదు. మరుసటి సంవత్సరం అతడు తన ప్రాణం తానే తీసుకున్నాడు. 1984లో డియర్ రాసిన పుస్తకంలో, ఆ పిల్లవాణ్ణి క్రుంగదీసినవి ఒంటరితనం, నిరాశ, చదువులో ఎప్పుడూ ముందుండాలన్న ఒత్తిడి అని బయటపడింది. అప్పటికి ఆలస్యమైంది. కొడుకును పోగొట్టుకున్న వర్జీనియా తల్లి ఒకామె 1983లోనే ఈ ఆటమీద ఉద్యమం ప్రారంభించింది. ఆమె దుఃఖాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. కాని ఎన్నో ఇళ్ళలో తల్లిదండ్రులు పాచికలను పారవేశారు. పిల్లవాడు ఎందుకు దిగులుగా ఉన్నాడని అడగడం మాత్రం చాలామందికి తోచలేదు.

వైశాలి నగర్ ఇంటికి ఈ సంగతులేవీ తెలియవు. అక్కడికి సమాధానం అంత దూరంనుంచి రాలేదు. 14 కిలోమీటర్ల దూరంలోని గనియారీ గ్రామంనుంచి వచ్చింది.

2019 జనవరి 26 ఉదయం పత్రికలో తీజన్ బాయి బొమ్మ పడింది. పద్మవిభూషణ్ ప్రకటించారు. తండ్రి ఆ పత్రికను గర్వంగా అందరికీ చూపించాడు; ఆమె కూడా ఉక్కు కర్మాగారంలో పనిచేసిన మనిషే మరి. పాండవుల కథను పాడే పండవానీలో ఆమెను మించినవారు లేరు. చేతిలోని తంబూరా భుజంమీదికి ఎక్కితే భీముని గద. ముందుకు చాపితే అర్జునుని విల్లు. మరు క్షణంలో అదే రథం. ఆ తంబూరా వెనుక కథ వేరు. గనియారీలో పార్ధీల ఇంట పుట్టిన ఆ పిల్ల, మాతామహుడు బ్రిజ్‌లాల్ పాడుతుంటే విని కథ నేర్చుకుంది. తల్లికి అది బొత్తిగా గిట్టలేదు, దండించింది. ఆడవారు పాడితే కూర్చుని పాడాలి. నిలబడి అభినయించే కాపాలిక శైలి మగవారిది. పదమూడేళ్ళ వయసులో చంద్రఖురీలో ఆమె నిలబడే పాడింది. కులం వారు వెలివేస్తే వేరుగా గుడిసె వేసుకుని బతికింది.

వృద్ధుడు కళ్ళజోడు సవరించుకుని బొమ్మను చాలాసేపు చూశాడు. కుర్రతనంలో తాను తూర్పు భాగవతంలో సత్యభామ జడ కట్టుకున్నందుకు తండ్రి చేతిలో చింతబరికె విరిగిన సంగతి ఆయన ఎన్నడూ ఇంట్లో చెప్పలేదు. ఆ రోజు చెప్పాడు. చెప్పి, కొడుకువైపు తిరిగాడు.

"ఈవిడ చేతిలో తంబూరా గద అయితే బిరుదిచ్చారు. గుంటడి చేతిలో పాచిక కత్తయితే నువ్వు కాయితాలోడికి ఇచ్చీసావేట్రా?"

తండ్రి బదులు చెప్పలేదు. ఆ మధ్యాహ్నం స్కూటరు తీసుకుని సుపేలాలోని పాతకాగితాల కొట్లకు వెళ్ళి రెండు గంటల తరువాత తిరిగివచ్చాడు. చేతిలో ఏమీ లేదు. ఆయన అభిప్రాయం పూర్తిగా మారిందనీ చెప్పలేము. ఆదివారం నాలుగునుంచి ఆరుదాకా మాత్రమే ఆట అనీ, అంతకుముందు రసాయనశాస్త్రం ఒక పాఠం అప్పజెప్పాలనీ షరతు పెట్టాడు.

మరుసటి ఆదివారం అయిదింటికి ఆయన మేడమీదికి వచ్చాడు. కుర్రవాళ్ళు గప్‌చుప్‌గా లేచి నిలబడ్డారు. ఆయన ట్యాంకు గట్టుమీద కూర్చుని, కాసేపు దుప్పట్ల వంక చూసి, కొడుకును అడిగాడు:

"ఆ కమ్మరి ఎవడు?"

"నేనే నాన్నా. తాతయ్య కొలిమి కథలు చెబుతారు కదా, అందులోనుంచి తీసుకున్నాను."

"వాడికి ఇంకా ఎన్ని ప్రాణాలు మిగిలాయి?"

"పద్నాలుగు అనుకుంటాను. పుస్తకం లేదుగా, జ్ఞాపకం మీద చెబుతున్నాను."