నాలుగో తరగతి గాయం

"సూది పట్టడం ఎక్కడ నేర్చుకున్నావురా?" అని మా సర్జను అడిగిన రోజు నేను అబద్ధమాడాను. "మా నాయిన దర్జీ సార్" అన్నాను. 1987 అది. నాకు ఇరవై మూడేండ్లు. ఇంటర్ తప్పి, హన్మకొండలో ఒక నర్సింగ్ హోంలో చేరి ఏడాదైంది.

మా నాయిన దర్జీ కాదు. చెప్పులు కుట్టేటోడు. వర్ధన్నపేట దిక్కు మా ఊరు. ఊరవతల లందలు, లందల పక్కన మా ఇండ్లు. చచ్చిన గొడ్డును మోసుకొచ్చి తోలు ఒలిచేది, సున్నంల నానేసి వెంట్రుకలు తీసేది, తంగేడు చెక్క నీళ్లల్ల పదును చేసేది. ఆ తోలుతోటే ఊరందరి మోటబొక్కెనలు, తొండాలు, ఎడ్ల పట్టెళ్లు, కిర్రుచెప్పులు. కూలి కల్లంలో ఇచ్చే గింజలు. కరెంటు మోటార్లొచ్చి మోటలు పోయినంక చెప్పులే మిగిలినయి. చిన్నప్పుడు ఆయన పక్కన కూసోని దారానికి మైనం రాసేది నా పని. ఆరెతో బెజ్జం పొడిచి, దారం గుంజి, ముడి పక్కకు తెచ్చి నొక్కేటోడు. ఎన్ని వేల సార్లు చూసి ఉంటానో. ఆ చూపే నా చేతిలోకి వచ్చింది. సర్జను అడిగింది దాని గురించే. నేను దాన్నే దాచిపెట్టాను.

వరంగల్లు దవాఖానల ఊరు. ఎంజీఎం పెద్దాసుపత్రి, 1959లో మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీ ఉండబట్టి హన్మకొండ నిండా నర్సింగ్ హోములు లేచినయి. మా అసొంటోళ్లకు వాటిల్ల మొదట దొరికేది చీపురు, బకెట్. నేనూ ఏడాది పాటు ఆపరేషన్ థియేటర్ నేల కడిగాను. నెత్తురు బట్టలు పిండాను. థియేటర్లో పనిచేసే అతను గల్ఫ్‌కు పోతే ఆ స్థలంలో నన్ను నిలబెట్టారు. చదివింది లేదు, చూసి నేర్చిందే. సూదిని నీడిల్ హోల్డర్‌తో మొన దగ్గర పట్టొద్దు, మొన నుంచి మూడింట రెండు వంతుల దూరంలో పట్టాలి. ఆపరేషన్ ముందు ఎన్ని సూదులు, ఎన్ని గాజు ముక్కలు విప్పామో, కడుపు మూసే ముందు అన్నీ లెక్క రావాలి. లెక్క తప్పితే సర్జనైనా ఆగాల్సిందే. నా మాటకు పెద్దోళ్లు ఆగిన చోటు నా బతుకులో అదొక్కటే.

క్యాట్‌గట్ సంగతి ఇక్కడ చెప్పాలె. పేరులో క్యాట్ ఉన్నా పిల్లికీ దానికీ సంబంధం లేదు. గొర్రె పేగు లోపలి పొరతోనో, గొడ్డు పేగు పై పొరతోనో చేసిన దారం అది. ప్యాకెట్ చింపగానే స్పిరిట్ వాసన. వట్టి క్యాట్‌గట్ వారం పది రోజుల్లో బలం పోగొట్టుకుంటుంది. క్రోమిక్ అయితే రెండు మూడు వారాలు ఆగుతుంది. ఎందుకు ఆగుతుందని సర్జన్ను అడిగితే, "క్రోమియం లవణంలో నానబెడతారు, ట్యానింగ్ అన్నట్టు" అన్నాడు. నేను అట్లనే నిలబడ్డాను. మా నాయిన తంగేడు చెక్కతో చేసేదే కద అది! కుళ్లకుండ తోలును పదును చేసుడు, తొందరగా కరగకుండ పేగును పదును చేసుడు. ఒకదానికి అంటు, ఒకదానికి సైన్సు.

ఒకసారి పెద్దకులపాయన ఒకాయన అపెండిక్స్ ఆపరేషన్‌కు వచ్చిండు. ముందు రోజు నేను గ్లాసు నీళ్లు ఇస్తే ముట్టలేదు, సిస్టరమ్మతో మళ్ల తెప్పించుకున్నడు. మర్నాడు ఆయన కడుపు లోపలి పొరను కుట్టింది క్రోమిక్ క్యాట్‌గట్‌తోనే. అందించింది నేనే. మాస్కు వెనక నవ్వుకున్నాను. ఆయన మీద పగేం లేదు, కుట్టు గట్టిగ పడాలనే చూశాను. ఇప్పుడు ఆ దారం వాడకం తగ్గిపోయింది. పిచ్చి ఆవు రోగం భయంతో 2001లో యూరప్‌లో ఆపేశారు. విక్రిల్ లాంటి మనిషి చేసిన దారాలు ఎక్కువైనయి.

1989 ఎండాకాలం. మా నాయిన చచ్చిన బర్రెను ఒలుస్తుంటే కత్తి జారి కాలిపిక్కలో జానెడు దిగింది. పసుపూ సున్నం అద్ది బట్ట కట్టుకున్నడు. నాలుగో రోజు జ్వరంతో అవ్వ ఆయన్ను బస్సెక్కించి నా దగ్గరికి తెచ్చింది. బట్ట విప్పితే చీము. సర్జను గాయాన్ని వెడల్పు చేసి, చచ్చిన కండను కత్తిరించి, కడిగి, యూసాల్ గుడ్డ కుక్కించాడు. "కుట్లు వెయ్యొద్దు, ఓపెన్‌గా ఉంచు" అన్నాడు. కేసుషీటు మీద డర్టీ అని రాశాడు.

డాక్టర్ల లెక్కలో గాయాలు నాలుగు తరగతులు. 1964లో అమెరికాలో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం నుంచి వచ్చిన లెక్క అది. హెర్నియా లాంటి ఆపరేషన్ గాయం మొదటిది, శుభ్రమైనది. పిత్తాశయం లాంటి చోట పద్ధతిగా కోసింది రెండోది. అప్పుడే తగిలిన యాక్సిడెంటు గాయం మూడోది. చీము పట్టింది, చచ్చిన కండ ఉన్నది నాలుగోది. దాని పేరే డర్టీ. నాలుగో తరగతి అంటే మా దిక్కు బంట్రోతు ఉద్యోగం కూడా.

"ఏం రాసిండ్రమ్మా?" అని నాయిన సిస్టర్ను అడిగిండు. "మురికి గాయం అని" అందామె, మామూలుగానే. ఆయన గోడ దిక్కు తిరిగి పడుకున్నడు. రాత్రి నన్ను పిలిచి, "కొడుకా, పక్క మంచం మీద పటేలు పిలగానికి వచ్చీరాంగనే కుట్లేసిండ్రు. నాకెందుకు ఏస్తలేరు?" అన్నడు.

నాకు జవాబు తెలుసు. చీమున్న గాయాన్ని పైనుంచి మూస్తే అది లోపల గడ్డ కడుతుంది, నెత్తురుకెక్కుతుంది, కాలు పోతుంది, మనిషి పోతాడు. అడుగు నుంచి ఎర్రటి కొత్త కండ పేరుకోవాలి, అప్పుడు కుట్టాలి. ఇవన్నీ తెలిసి కూడా, చెప్తున్నాను వినండి, నేను ఆ రాత్రి అందరూ పడుకున్నంక రెండు కేసుషీట్లూ తీసి పక్కపక్కన పెట్టి చూశాను. పటేలు పిలగానికి గాజు పెంకు గీసుకున్నది, రెండు గంటల్లో తెచ్చారు. సర్జను చేసింది నూటికి నూరు పాళ్లు సరైనదే. కాని ఆ అనుమానం నాకు ఊరికే వచ్చిందా? బడిలో వెనక బెంచీ, హోటల్లో వేరే గ్లాసు చూసినోడికి, కుట్లు వెయ్యకపోతే మొదట ఏం గుర్తుకొస్తది?

పొద్దున నాయిన దగ్గర కూసున్నాను. "నాయినా, పురుగు పట్టిన పచ్చి తోలును మడిచి కుడ్తవా?"

"ఎట్ల కుడ్త? లోపల కుళ్లుద్ది."

"గదే మరి."

కొంచెం సేపు ఆలోచించిండు. "గట్ల జెప్పరాదు? మురికంటరేంది?"

తొమ్మిదో రోజు గాయం ఎర్రగా, గింజలు గింజలుగా, తాకితే నెత్తురు వచ్చేటట్టు తయారైంది. మొద్దుబారే సూది ఇచ్చి కుట్టడానికి టేబుల్ మీదికి తెచ్చాము. నైలాన్ దారం, నేను అందిస్తున్నాను. సర్జను మంచి మూడ్‌లో ఉన్నాడు. "మీరు దర్జీ కదా, మీ వాడికి మీ చెయ్యే వచ్చింది" అన్నాడు.

నేను ట్రే లోని సూదులు మళ్లా లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నాయిన తల ఎత్తి నా దిక్కు చూసిండు.

"కుడ్త సారూ" అన్నడు.

అంతే. తర్వాత మాట మార్చిండు. "మరీ గుంజకుండ్రి, బెజ్జం కాడ తెగుతది." సర్జను నవ్వి, "కరెక్టు" అన్నాడు. బిగ్గరగా లాగితే అంచులకు నెత్తురందదు, కండ చస్తుంది. అంచు అంచుకు ఆనితే చాలు.

పన్నెండో రోజు ఊరికి పోయి కుట్లు నేనే విప్పాను. మొకం మీద కుట్లు అయిదు రోజులకే తీస్తారు, కాలికి నెత్తురు తక్కువ, పది పద్నాలుగు రోజులు కావాలి. అవ్వ కందిలి పట్టుకుంది. "ముడి పక్కకేసిండు, పనోడే" అని నాయిన మెచ్చుకున్నడు. తర్వాత అరచెయ్యి చాపి నాకు చూపిచ్చిండు. "దర్జోనికి గీ కాయలుంటయారా?" నేను తలెత్తలేదు. ఇంకా అయిదు కుట్లు మిగిలి ఉన్నయి.

మానిన గాయం మూడు వారాలకు పాత తోలు బలంలో పాతిక వంతు కూడా అంతంతే. మూడు నెలలకు నూటికి 80 దాకా వస్తుంది. నూరు ఎప్పటికీ రాదు. నాయిన 2006లో పోయేదాక ఆ కాలు మీదనే బరువు మోసిండు.

నా చేతి కింద పని నేర్చుకునే పిల్లలకు డర్టీ అనే మాట షీటు మీద రాసుకోండి గాని మంచం దగ్గర అనకండి అని చెప్పేవాణ్ణి. "లోపల నుంచి మానాల్సిన గాయం" అనమనేవాణ్ణి. కొందరు నవ్వేవారు.

సర్జనుకు నిజం చెప్పడానికి నాకు ఇంకా ఏడేండ్లు పట్టింది. 1996. మావాళ్లు పేరు పక్కన మాదిగ అని రాసుకుంటున్న రోజులు. వర్గీకరణ అనే మాట నాకు అప్పటిదాకా గాయాలకే తెలుసు, గోడల మీద మా కోసం రాసింది చూసి ఆగి చదివేవాణ్ణి. ఒక పొద్దున మొదటి కేసు ముందు, ఇద్దరమే ఉన్నప్పుడు అన్నాను. "సార్, మా నాయిన దర్జీ కాదు. చెప్పులు కుడతాడు."

ఆయన గ్లౌజులు తొడుక్కుంటున్నాడు. "తెలుసు, ఆయన చేతులు చూశాగా" అన్నాడు. "సూదులు లెక్కపెట్టు."