ఒక గడి ముందుకు, ఒక గడి పక్కకు

జవాబు ముందే చూసుకొచ్చి పక్కన కూర్చునేవాడి కంటే, డిటెక్టివ్ నవల ఆఖరి పేజీ చింపి దాచేవాడు నయం. వాడు మనకు తెలియకుండా చేస్తాడు. వీడు తెలిసేలా చేస్తాడు.

మా అక్కయ్య కొడుకు వేసవి సెలవులకని హైదరాబాదు నుంచి దిగాడు. దిగిన దగ్గర్నుంచీ, నేను కంప్యూటరులో ఆట ఆడుతుంటే నా వెనక కుర్చీ వేసుకుని, చేతిలో ఫోను పట్టుకుని, "మామయ్యా, ఎడం పక్క గోడలో ఒక ఇటుక తేడాగా ఉంటుంది చూడు, అది నొక్కు" అంటాడు. ఆ గోడ చుట్టూ నేను ఎన్ని సాయంత్రాలు తిరిగానో వాడికేం తెలుసు? ఆ ఇటుక నా అంతట నాకు కనపడే రాత్రి ఒకటి వస్తుంది, ఇంట్లో అందరూ పడుకున్నాక నేనొక్కణ్నే లేచి గదిలో అటూ ఇటూ తిరుగుతాను అని దాచుకున్న గోడ అది. వాడు నొక్కించేశాడు. తలుపు తెరుచుకుంది. లోపల ఏదో కత్తి ఉంది. ఇప్పుడా కత్తి నాకెందుకు?

ఆట పేరు లెజెండ్ ఆఫ్ గ్రిమ్‌రాక్. 2012లో ఫిన్లాండులో ఆల్మోస్ట్ హ్యూమన్ అనే చిన్న బృందం తయారుచేసింది. నలుగురు ఖైదీలుంటారు. మీ నేరాలన్నీ మాఫీ చేశాం అని చెప్పి, వాళ్లను ఒక కొండ శిఖరం మీదున్న బిలంలోకి తోసేస్తారు. ప్రభుత్వాలు మాఫీ చేసే తీరే అంత. అక్కడి నుంచి కిందికి, ఇంకా కిందికి దిగుతూ పోవాలి. ఆ బిలమంతా గళ్లే. కీ ఒకసారి నొక్కితే ఒక గడి. తిరిగితే లంబకోణమే. ఐమూలగా నడవడం లేదు, వంపు తిరిగిన దారి లేదు. చేతిలో కాగడా కాసేపటికి కొడిగడుతుంది. ఆకలేస్తుంది. ఎదురొచ్చిన రోలంత నత్తను చంపి దాని ముక్క తినాలి. గుంటూరు కారం తిని పెరిగినవాడికి ఉత్త నత్తముక్క పెట్టడం ఒక్కటే ఈ ఆటలో నాకు నచ్చనిది.

మొదలుపెట్టేటప్పుడే ఆట ఒక మాట అడుగుతుంది: ఓల్డ్ స్కూల్ మోడ్ కావాలా అని. కావాలంటే ఆట మనకు మ్యాపు గీసిపెట్టదు, మన తిప్పలు మనమే పడాలి. మీలాంటి రుచి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, నేను అదే ఎంచుకుంటాను. పిల్లల లెక్కల గ్రాఫు పుస్తకం ఒకటి కొంటాను. ఒక్కో అంతస్తు 32 గళ్లకు 32 గళ్లు, పేజీలో హాయిగా సరిపోతుంది. తలుపుకు అడ్డగీత, మీటకు చుక్క, గోతికి సున్నా, కాలు పడితే కిందికి నొక్కుకునే రాతిపలకకు ఇంటూ గుర్తు. పెన్సిలు తప్ప పెన్ను వాడను. రబ్బరు మాత్రం మంచిదై ఉండాలి, నలుపు పూసే రకం పనికిరాదు.

ఇందులో ఏముంది సుఖం అంటారా? రాక్షసుల్ని చంపడంలో నాకు ఆసక్తి తక్కువ. అడుగులు లెక్కపెట్టడంలో ఉంది సుఖం. ఉత్తరానికి ఏడు గళ్లు, పడమరకు మూడు, మళ్లీ దక్షిణానికి ఐదు అని గీసుకుంటూ పోయి, చివరకు పేజీ కొంచెం దూరంగా పెట్టి చూసుకుంటే, రెండు నడవాల మధ్య నాలుగు గళ్ల తెల్లకాగితం మిగిలిపోయి ఉంటుంది. చుట్టూ అంతా తిరిగాం, అక్కడికి మాత్రం వెళ్లలేదు. కట్టినవాడు ఊరికే అంత చోటు వదలడు. అక్కడ గది ఉంది. దానికి తలుపు ఎక్కడో ఉండి తీరాలి. అప్పుడు వెళ్లి ఆ నాలుగు వైపుల గోడనూ ఇటుక ఇటుకా చూడాలి. ఆ తెల్లటి ఖాళీ మీద పెన్సిలు మొన ఆనించి కూర్చోవడమే ఆట, మిగతాదంతా దానికి హంగు. ఆటే గీసిపెట్టిన మ్యాపులోనూ ఆ ఖాళీ ఉంటుంది, కానీ అది ఎవరి ఇంట్లోనో ఎవరి గదో. మనం లెక్కపెట్టుకున్న చోటు మాత్రమే మనదవుతుంది. మా మేనల్లుడు నా దగ్గర్నుంచి కాజేసింది కత్తి కాదు, ఆ నాలుగు గళ్లు.

ఇదేమీ కొత్త వెర్రి కాదు. 1981లో ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ అనే ఇద్దరు అమెరికా కుర్రాళ్లు యాపిల్ 2 కంప్యూటరు మీద విజార్డ్రీ అనే ఆట తెచ్చారు. పది అంతస్తులు, ఒక్కోటి 20 గళ్లకు 20. గోడలంటే ఉత్త గీతలే, నల్లటి తెర మీద. 1987లో ఎఫ్‌టీఎల్ వాళ్లు అటారి ఎస్‌టీ మీద డంజన్ మాస్టర్ తెచ్చాక, రాక్షసులు మన వంతు అయ్యేదాకా మర్యాదగా ఆగడం మానేశారు. మనం ఆలోచిస్తుంటే వచ్చి మీద పడతారు. 2007లో జపాను అట్లస్ కంపెనీ ఎట్రియన్ ఒడిస్సీ అని ఇంకో ఆట తీసింది. నింటెండో డీఎస్‌కు రెండు తెరలుంటాయి కదా, పై తెరలో నడవాలి, కింది తెర మీద స్టైలస్‌తో మ్యాపు గీసుకోవాలి. మ్యాపు గీసుకునే పనినే ఆట చేసి అమ్మారు. ఆ సంగతి విన్న రోజు నుంచి జపానువాళ్ల మీద నాకు గౌరవం రెట్టింపైంది.

విజార్డ్రీలో కొన్ని దొంగ గళ్లున్నాయి. వాటి మీద కాలు పెట్టగానే మనకు తెలియకుండా మన ముఖాన్ని ఇంకో దిక్కుకు తిప్పేస్తాయి. ఉత్తరమే అనుకుంటూ తూర్పుకు నడుస్తాం, మ్యాపు మొత్తం తగలడుతుంది. మా పర్చూరు వైపు వాళ్లకు ఈ గడి గురించి వివరంగా చెప్పనవసరం లేదు. మా నాన్న పుట్టినప్పుడు మా ఊరు గుంటూరు జిల్లాలో ఉంది. 1970లో ఒంగోలు జిల్లా అన్నారు, అందులోకి వెళ్లింది. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా అన్నారు. ఊరు ఉన్నచోటి నుంచి ఒక్క గడి కదల్లేదు. మా అమ్మ మాత్రం ఇప్పటికీ ఎవరడిగినా గుంటూరు జిల్లా అనే చెబుతుంది. ఆవిడ మ్యాపు ఆవిడది, రబ్బరు వాడదు.

నాకీ గళ్ల మోజు పట్టింది బ్రాడీపేటలో. గుంటూరులో చదువుకున్నవాళ్లు ఇప్పటికే తల ఊపి ఉంటారు. నిలువునా లైన్లు, అడ్డంగా అడ్డరోడ్లు, చిరునామా అంటే భిన్నమే. 4/14 బ్రాడీపేట అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఇంటి పేరు అక్కర్లేదు, వేపచెట్టు గుర్తు అక్కర్లేదు, ఎవర్నీ అడగక్కర్లేదు. లెక్క వస్తే చాలు, ఇల్లు వస్తుంది. శంకర్ విలాస్ దగ్గర పట్టాలు దాటి అవతలికి వెళితే అరండల్‌పేటలోనూ ఇదే వరస. పల్లెలో మా ఇంటి దారి చెప్పాలంటే రావిచెట్టు దగ్గర తిరిగి, కరణంగారి పాత ఇల్లు దాటి, గేదెలు కట్టేసినచోట ఎడమకు అని చెప్పాలి. గేదెల్ని ఇంకోచోట కట్టేస్తే చుట్టం తప్పిపోతాడు. అలాంటి ఊరి నుంచి వచ్చినవాణ్ని బ్రాడీపేటలో వదిలితే ఏమవుతుంది? నేను పనిలేకపోయినా సాయంత్రాలు లైన్లు లెక్కపెట్టుకుంటూ తిరిగేవాణ్ని.

ఆ రోజుల్లోనే ఒక కంప్యూటరు సెంటర్లో, పాఠం అయిపోయాక, ఎవరో ఫ్లాపీల్లో తెచ్చిన ఐ ఆఫ్ ది బిహోల్డర్ ఆడాను. 1991 నాటి ఆట. రంగులున్న ఆటే, కానీ మా మానిటరుకు రంగులు లేవు. ఒక నగరం కింద మురుగు కాలువల్లో మొదలవుతుంది. అన్నీ ఒకేలాంటి గోడలు, ఒకేలాంటి మలుపులు. సెంటర్ మూసేసే వేళకు లేచి గదికి నడుస్తుంటే, ప్రతి అడ్డరోడ్డు మలుపులోనూ ఏ అస్థిపంజరం ఎదురొస్తుందోనని చూసేవాణ్ని. ఇడ్లీ బండి ఎదురొచ్చేది. ఆ బండి అల్లప్పచ్చడి గురించి ఇంకెప్పుడైనా.

ఇప్పుడు మా మేనల్లుడు ఆడే ఆటలు చూడండి. ఓపెన్ వరల్డ్ అంటాడు. కొండలు, గుర్రాలు, సముద్రం, వాన కురిస్తే బట్టలు తడవడం కూడానట. బాగుంది. అంత లోకం చేతికిచ్చి, తెర మీద పైన ఒక బాణం గుర్తు పెట్టి, ఇటు పో అని చూపిస్తారు. వాడు గుర్రం మీద ఆ బాణం వెంట పోతాడు. కొండ అటు పక్క ఏముందిరా అంటే, "అక్కడ క్వెస్ట్ ఏం లేదు మామయ్యా" అంటాడు. లోకం పెద్దదే, వాడు నడిచే దారి మాత్రం గీత. నా బిలం ఇరుకే, కానీ నేను చూడని మూల అందులో ఒక్కటి ఉండకూడదు.

బిలాలు మనకు కొత్తా? 1951లో పాతాళభైరవి చూసి తెలుగుదేశం మొత్తం తోట రాముడితో కలిసి గుహలోకి దిగింది. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు పాతాళదుర్గం, శిథిలాలయం, రాకాసిలోయ అని సీరియల్ తర్వాత సీరియల్ రాస్తుంటే, చిత్రా గారి బొమ్మల్లోని ఆ రాతిమెట్లు దిగని ఇల్లుందా? వీరుడు గోతిలో పడ్డాడు, పైన ఏదో మృగం గర్జించింది, ఇక వచ్చే నెల. ఆ నెలంతా మనం ఆ గోతిలోనే ఉన్నాం. బడికి వెళ్లినా గోతిలోంచే వెళ్లాం. చాకిరేవు దగ్గర, కల్లాంలో, పుస్తకం అరువు తెచ్చుకున్న ఇంటి అరుగు మీద, ఎలా బయటపడతాడన్న చర్చే. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇంట్లో పెద్దవాళ్లను అడిగినా, "నెలాఖరుకు వస్తుందిగా, ఆగు" అనేవాళ్లు. ఒక తరం మొత్తానికి ఆగడం నేర్పిన పత్రిక అది. ఫోనులో వీడియో చూసి గోడ నొక్కించే పిల్లాడికి ఆ గోతిలో ఒక నెల శిక్ష వెయ్యాలని నా కోరిక. మా అక్కయ్యకు చెప్పకండి.

గళ్ల ఆటలు మన దగ్గర కంప్యూటరు కంటే ముందే రాతి మీద ఉన్నాయి. పాత గుళ్ల అరుగుల మీద దాడి గళ్లు, పులిజూదం గీతలు చెక్కి ఉంటాయి, కొంచెం తడిపి చూస్తే తేలతాయి. పులిజూదానికి మూడు పులులు, పదిహేను మేకలు. మా పెదనాన్న రచ్చబండ మీద ఎప్పుడు ఆడినా మేకల పక్షమే. "పులికి ఆకలి తప్ప ఆలోచన ఉండదురా" అనేవాడు. మేకలు తొందరపడకూడదు, వెనక ఖాళీ వదలకూడదు, ఒకదాని వెన్ను ఒకటి కాసుకుంటూ గడీ గడీ పట్టుకుంటూ పోవాలి. చివరకు పులి కదలడానికి చోటుండదు. అప్పుడు ఆయన తుండుగుడ్డ దులిపి లేచేవాడు, గెలిచానని కూడా అనకుండా.

చేలో కూడా ఆయన అంతే. నల్లరేగడి పదును చూసుకుని, దున్ని, గుంటకతో చదును చేశాక, అచ్చు తోలడానికి వేరేవాణ్ని రానిచ్చేవాడు కాదు. పట్నంలో పెరిగినవాళ్ల కోసం చెబుతున్నాను. ఒక అడ్డ దుంగకు సమానమైన ఎడంతో పళ్లు దిగ్గొట్టి ఉంటాయి. ఎడ్లు దాన్ని లాగుతుంటే నేల మీద వరసగా గీతలు పడతాయి. చేను నిలువునా ఒకసారి తోలి, మళ్లీ అడ్డంగా తోలితే చేనంతా గళ్లే. గీతా గీతా కలిసినచోట పత్తి అయితే గింజలు, మిరప అయితే నారుమొక్క. పళ్ల ఎడం ఎంతన్నది నేలను బట్టి, విత్తనాన్ని బట్టి. నిలువూ అడ్డం కుదిరాయా, మొక్క ఎదిగాక గుంటక రెండు వైపులా పోతుంది, కలుపు నాలుగు పక్కలా తెగుతుంది. కుదరలేదా, గుంటక మొక్కల్నే కోసుకుంటూ పోతుంది, దారిన పోయే ప్రతివాడూ ఆగి మరీ నవ్వుతాడు.

మొదటి సాలే ప్రాణం. అది తిన్నగా పడితే మిగతావన్నీ దాన్ని పట్టుకుని వస్తాయి. పెదనాన్న అవతలి గట్టు మీద ఒక తుమ్మచెట్టు చూసుకునేవాడు. ఎద్దుల్ని చూడడు, పగ్గాన్ని చూడడు, కాళ్ల కింద చూడడు, ఆ చెట్టు మీదే కన్ను. సగంలో ఎవరైనా గట్టు మీంచి పలకరించినా పలికేవాడు కాదు. పొగరని కొందరు అనుకునేవాళ్లు. చివరకు వెళ్లి వెనక్కి తిరిగి ఒకసారి చూసేవాడు, దారం పట్టి గీసినట్టు ఉండేది. అప్పుడు, గట్టు మీదివాడు ఇంకా అక్కడే ఉంటే, "ఏం బావా, బాగున్నావా" అనేవాడు.

ఇప్పుడు ఎక్కువ చోట్ల ట్రాక్టరే, సాలు ఒకవైపే. కలుపు మందు కొట్టేవాడికి అడ్డ అచ్చుతో ఏం పని? 2002లో బీటీ పత్తి వచ్చాక విత్తనం ఖరీదు చూసి గింజలు లెక్కపెట్టి వేయడం నేర్చుకున్నారు గానీ, గళ్లు మాత్రం పోయాయి. 2021లో నల్లతామర పురుగు మిరపచేలను ఊడ్చిపెట్టినప్పుడు మా వాళ్లు చాలామంది తోటలు పీకేశారు. ఆ మొండి చేలల్లో నిలబడి చూస్తే నిలువు సాళ్లు కనిపించాయి, అడ్డం గీత ఎక్కడా లేదు.

ఎద్దులూ అంతే. బ్రెజిల్‌లో నెలోర్ పశువులని మందలు మందలుగా పెంచేవి మన ఒంగోలు జాతి సంతానమే. అక్కడ అవి మాంసానికి. ఇక్కడ మిగిలిన మేలు జతలేమో బండలాగుడు పందేలకు. వయసును బట్టి పాలపళ్లని, రెండు పళ్లని, నాలుగు పళ్లని, ఆరు పళ్లని విభాగాలు. పెట్టిన సమయంలో ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్లకు బహుమతి. మైకులో అడుగులు, అంగుళాలు చదువుతారు, జనం ఈలలు వేస్తారు. నేనూ ఏటా వెళతాను, నిలబడే చూస్తాను. కానీ గమనించండి, పెద్ద బహుమతి కొట్టిన జత కూడా ఒక్కోసారి పాములా మెలికలు తిరుగుతూ లాగుతుంది. అదేం లాగుడు? ఎంత దూరమన్నది టేపు పట్టుకుని ఎవడైనా కొలుస్తాడు. ఎంత తిన్నగా లాగాయో చూసి ఒక బహుమతి, పోనీ మూడో బహుమతైనా, ఇవ్వకూడదా? వచ్చే సంక్రాంతికి మా ఊరి కమిటీవాళ్లను అడగాలనుకుంటున్నాను. డబ్బు నేనే పెడతాను. న్యాయనిర్ణేతగా మాత్రం, గట్టు అవతల చెట్టును చూసి సాలు తోలిన పాతకాలపు చెయ్యి ఒకటి కావాలి. మీ ఊళ్లో ఎవరైనా ఉంటే చెప్పండి.