అమ్మమ్మగారి యూరు లేని బిడ్డలు

వేసవి సెలవులు వచ్చెనన్న మన పిల్లలు అమ్మమ్మగారి యూరికి ప్రయాణమగుదురు. అచ్చట వారికి గొప్ప వింతలేమియు నుండవు. పెరటిలో బావి, వాకిట మంచము, వేళకు పెరుగన్నము, రాత్రి ఆరుబయట చుక్కలను లెక్కించుచు నిద్రించుట, ఇంతియే. అయినను నెల తిరుగునప్పటికి బిడ్డ ఒళ్లు చేసి, ముఖము తేటపడి యింటికి వచ్చును. అమెరికాదేశమున న్యూజెర్సీలోనున్న మా చెల్లెలి కుమారుని యింట మేము కొన్ని దినములుండి, న్యూయార్కు నగరమునకు ఉత్తరముననున్న హారిమన్ వనమును చూడబోయినప్పుడు ఈ అమ్మమ్మగారి యూరే మాకు మాటిమాటికి జ్ఞప్తికి వచ్చెను. కారణము మనవి చేసెదము.

ఉదయము ఎడిసన్ పట్టణమున కారెక్కి ఉత్తరముగా పోయితిమి. స్లోట్స్‌బర్గు అను చిన్న యూరు దాటగానే మార్గము కొండలలోనికి తిరిగినది. దానికి ఏడు సరస్సుల బాటయని పేరు. ఇరుప్రక్కల ఓకు చెట్లును, మేపుల్ చెట్లును దట్టముగా క్రమ్ముకొని యున్నవి. ఆకుల సందున ఒక సరస్సు తళుక్కున మెఱసి మాయమగును. మఱికొంత దూరము పోగానే ఇంకొకటి. ఈ వనము వైశాల్యము సుమారు 47,000 ఎకరములు. ఇందు ముప్పదికి పైగా సరస్సులు, కుంటలు గలవు. కొండలు మన పాపికొండలవలె నీటిమీదికి వంగి నిలిచినవి కావు. ఎత్తు తక్కువ, బండలు మెండు.

ఈ యడవి అనాదిగా ఇట్లే యున్నదని మేము తలచితిమి. అది పొరపాటు. పూర్వము ఈ కొండలలో ఇనుపగనులు త్రవ్వి, కొలుములకు బొగ్గు కావలెనని చెట్లను విస్తారముగా నఱకివేసిరి. గనులు మూతపడిన పిదప మరల మొలిచి పెరిగినదే నేటి యడవి. తరువాత 1908 ప్రాంతమున ప్రభుత్వమువారు ఇచ్చటి బేర్ మౌంటెన్ కడ పెద్ద చెఱసాల కట్టదలచి పని మొదలుపెట్టిరి. రైలుమార్గముల యధిపతియైన ఎడ్వర్డు హారిమన్ 1909లో మరణించెను. ఆయన భార్య మేరీ హారిమన్, చెఱసాల ప్రయత్నము మానినయెడల 10,000 ఎకరముల భూమిని, పదిలక్షల డాలర్ల ధనమును ప్రజల విహారమునకై యిచ్చెదనని తెలిపెను. 1910లో ఆ దానము జరిగినది. దానపత్రమును ఆమె పక్షమున అందించినవాడు పందొమ్మిదేండ్లయినను నిండని కుమారుడు ఏవరెల్. ఆతడే 1955 మొదలు 1958 వఱకు న్యూయార్కు రాష్ట్రమునకు గవర్నరుగా నుండెను. 1930 తరువాత ఆర్థికమాంద్యపు దినములలో, పనిలేని యువకులను ప్రభుత్వమువారు కూలికి కుదుర్చుకొని, వారిచేత ఇచ్చట బాటలు వేయించిరి. ఆనకట్టలు కట్టించి సరస్సులు చేయించిరి. పిల్లల శిబిరములకు కొయ్య కుటీరములు కట్టించిరి. ఒక వితంతువు ఇచ్చిన నేల, పేద యువకుల చెమట, ఈ రెండును కలిసినది ఈ వనము.

నగరపు పేదబిడ్డలను వేసవిలో పల్లెకు పంపు నాచారము ఆ దేశమున క్రొత్తది కాదు. 1877లో విల్లర్డు పార్సన్సు అను మతబోధకుడు పెన్సిల్వేనియాలోని షెర్మన్ అను పల్లెలో తన సంఘమువారిని వేడుకొని, న్యూయార్కు ఇఱుకు కొంపలలోని పిల్లలను వారి యిండ్లకు అతిథులుగా రప్పించెను. నేటి ఫ్రెష్ ఎయిర్ ఫండ్ అను సంస్థకు అదియే మొదలు. ఇక బొత్తిగా ఇల్లే లేని పిల్లల కొఱకు, నిరాశ్రయుల పక్షమున పనిచేయు కోయలిషన్ ఫర్ ది హోమ్‌లెస్ అను సంస్థవారు 1984లో ఒక శిబిరమును స్థాపించి, ఈ హారిమన్ వనమున నడుపుచు వచ్చిరి. దాని పేరు హోమ్‌వర్డ్ బౌండ్. ఇంటిదారి పట్టినవారని యర్థము. ఇల్లు లేనివారికి ఇంటిదారి యేమని మాకు మొదట మనసున గ్రుచ్చుకొన్నది.

ఇల్లులేని బిడ్డలన్న వీధి అరుగులపై పండుకొనువారని మేమనుకొంటిమి. మా చెల్లెలి కోడలు న్యూయార్కులో బడిపంతులమ్మ. ఆమె కారు నడుపుచునే సంగతి విప్పి చెప్పెను. “పెద్దత్తయ్యగారూ, ఆ నగరమున నిలువ నీడ లేనివారికి ఆశ్రయము చూపుట నగరపాలకుల విధి. 1979లో వేసిన వ్యాజ్యమువలన 1981లో అది మొదట పురుషులకు దక్కినది. పిమ్మట స్త్రీలకును, కుటుంబములకును వర్తించినది. కావున పిల్లలకు తలపై కప్పు ఉండును. కాని అది తమది కాదు. ఎప్పుడు లేచి మఱియొకచోటికి పొమ్మందురో తెలియదు” అనెను. 2023-24 విద్యా సంవత్సరమున ఆ నగరపు బడిపిల్లలలో సుమారు 1,46,000 మందికి స్థిరమైన యిల్లు లేకుండెను. వీరిలో బంధువుల యింట ఇఱుకున తలదాచుకొన్నవారును గలరు.

ఆమె తరగతిలో ఒక బాలిక యుండెడిదట. పుస్తకముల సంచిని భుజమునుండి దింపెడిది కాదు. కూర్చున్నను వీపుననే, అన్నము తినుచున్నను వీపుననే. అందఱివలె కొంకెకు తగిలింపుమన్న కన్నీరు పెట్టుకొనెడిది. రెండుసార్లు వసతి మాఱునప్పుడు దాని వస్తువులు పోయినవట. ఆ బిడ్డ ఒక వేసవి ఇట్టి యడవి శిబిరమునకు పోయినది. తిరిగివచ్చి బడి తెఱచిన మొదటినాడు సంచిని తానే కొంకెకు తగిలించి, “నాకు ఈత వచ్చును” అని పంతులమ్మతో చెప్పినదట.

అడవి చేసినదేమని అడిగితిమి. ఆమె చెప్పినది విని మాకు ఆశ్చర్యమైనది. చెట్లు, కొలను, లేళ్లు అన్నియు మంచివే. వానికంటె ముందు బిడ్డకు కావలసినది, రేపును నేటివలెనే యుండునన్న ధైర్యము. శిబిరమున మంచము తనది. మఱునాటి రాత్రియు అదే మంచము. గంట మ్రోగిన భోజనము తప్పదు. నిద్ర లేపిన అక్కయే రాత్రి దీపము తీయును. ఎల్లవేళల ఉలికిపాటుతో మెలకువగానున్న మనసు అప్పుడు గాని సడలదు. సడలిన పిదపనే మిణుగురులు కంటికానును, చుక్కలు కంటికానును, నీటిలో దిగుటకు కాలు సాగును. ఇదంతయు మన అమ్మమ్మల పెరటిలో జరుగునదే కదా!

టియోరాటి సరస్సు తీరమున మేము తెచ్చుకొన్న పులిహోర తిని కొంతసేపు కూర్చుంటిమి. శిబిరమెచ్చటనో వెదకి చూతమని మాలో నొకరనిరి. వలదంటిమి. ఆ బిడ్డలు ఒకరి కంటబడి “అయ్యో” అనిపించుకొనకుండ ఆడుకొను దినములు ఇవి. మనము పోయి చూచుట తగదు.

తిరుగు ప్రయాణమున మా మనసును పీడించిన సంగతి యొకటి గలదు. శిబిరము కొద్ది దినములది. పిమ్మట ఆ బిడ్డ మరల ఆ వసతిగృహమునకే పోవలెను. తీపి చూపి లాగికొనుట కాదా యని అడిగితిమి. మా కోడలు కొంతసేపు పలుకలేదు. పిదప, “ఆ చలికాలమున వారిని మరల వేఱొకచోటికి మార్చిరి. సంచి మరల వీపునకు ఎక్కినది” అనెను.

“మఱి శిబిరమువలన ఫలమేమి?”

“ఈత పోలేదు పెద్దత్తయ్యగారూ. ఈత సంచిలో పెట్టుకొనునది కాదు.”

సోదరీమణులారా, శిబిరము ఇంటికి బదులు కాదు. ఆ బిడ్డకు కావలసినది ఇల్లే. దానిని సమకూర్చు భారము పెద్దలది, పాలకులది. అయినను ఇల్లు దొరకువఱకు బాల్యము ఆగదు. ఏడేండ్ల వయస్సు ఒక్కసారియే వచ్చును. ఈసారి సెలవులలో మన పిల్లలు అమ్మమ్మగారి యూరికి పోవునప్పుడు, మన వీధిలో ఏ యూరికిని పోవు దారిలేని బిడ్డ యెవరో ఒక్కసారి చూతము. మన పిల్లలతోపాటు వానికిని ఒక టిక్కెట్టు కొనినయెడల, అమ్మమ్మ మంచము ఇఱుకు కాదు.