కర్ణద్వారము – అంతఃకరణము



వేదమునకు శ్రుతి యని పేరు. గురుముఖమున విని గ్రహించుటయే దాని స్వీకారము. గ్రంథము పిమ్మటి మాట. కనుక వేదవిద్యార్థికి చెవియే ప్రధానేంద్రియము. ఆ చెవిలో పుట్టిన చీము మెదడునకు ప్రాకి ప్రాణాంతకమగు వ్యాధి యొకటి కలదు. అది అరుదైనది; పాశ్చాత్య దేశముల లెక్కలలో ఏటా లక్షమందికి ఒకరికన్న తక్కువగనే కనబడుచున్నది. అది నా మేనల్లునికి వచ్చెను. దానివలన దేహమును గూర్చి కొంత, ఆత్మను గూర్చి కొంత నేర్చితిని. ఆ రెంటిని ఇచట నివేదించుచున్నాను.

మా సోదరి కుమారుడు ఉపనయనానంతరము మా యింటనే తైత్తిరీయశాఖను అధ్యయనము చేయుచుండెను. శైశవము నుండియు వాని ఎడమచెవి కారుచుండెడిది. మందు వేసినపుడు ఆగి, మరల మొదలగుచుండెడిది. పదునాలుగవ యేట, కార్తీకమాసము చివర, తలనొప్పి ఆరంభమయ్యెను. మరునాడు వాంతులు. జ్వరము స్వల్పమే. మూడవనాడు సంధ్యావందనమునకు కూర్చుండి, చేతిలోని ఉద్ధరిణిని చూచుచు, "మామయ్యా, దీన్నేమంటారు? నాకు తెలుసు, పేరు రావడం లేదు" అనెను. చిత్రమేమనగా, ఆ పూటయే నేను సంత చెప్పగా పన్నమును స్వరము తప్పక అప్పజెప్పెను. ఆ సాయంకాలమే వానిని నగరమునకు తీసికొనిపోతిమి.

వైద్యుడు ఓర్పుతో వివరించెను. కొందరికి కర్ణభేరి లోపలికి చర్మము పెరిగి, పొరలు పొరలుగా పేరుకొని, దుర్గంధముతో చీము పట్టును. దానిని కొలెస్టియటోమా అందురు. అది క్యాన్సరు కాదు, అయినను ఎముకను క్రమముగా తినివేయును. చెవి లోపలి గదికి, మెదడునకు నడుమనున్నది పలుచని ఎముకపలక మాత్రమే. అది తొలగినచో బాక్టీరియా కణత వెనుకనున్న మెదడుభాగమునకో, చిన్నమెదడునకో చేరును. మొదట అచట వాపు వచ్చును. సుమారు రెండు వారములలో దాని చుట్టును కోశమేర్పడి చీముగడ్డ యగును. సి.టి. స్కాన్‌లో దాని అంచు ఉంగరమువలె వెలుగుచుండెను. కుడిచేతివాటము వారికి సాధారణముగా ఎడమవైపు మెదడే భాషకు స్థానము. అందుచే పేరులు జారిపోయినవి, చిరకాలాభ్యాసముచే కంఠస్థమైనది నిలిచినది. జ్వరము, తలనొప్పి, ఇట్టి నాడీలోపము మూడును కలిసి కనబడుట ఐదుగురిలో ఒకరియందు మాత్రమే యనియు చెప్పెను. జ్వరము లేదని ఉపేక్షించుటకు వీలులేదు. గడ్డ పగిలి మెదడులోని ద్రవకుహరములలో పడినచో బ్రదుకుట కష్టము.

ఆ రాత్రియే శస్త్రచికిత్స చేయవలెననిరి. అమావాస్య ఘడియలని బంధువులు సంకోచించి, ముహూర్తము చూడుమని నన్నే అడిగిరి. జీవితమంతయు ముహూర్తములు పెట్టిన నేను పంచాంగము తెరువలేదు. ప్రాణాపత్తునందు ఆలస్యము కానిదే సుముహూర్తమని చెప్పి సంతకము చేయించితిని. కపాలమునకు చిన్న రంధ్రము చేసి చీమును తీసిరి. పిమ్మట ఏడు వారములు నరము ద్వారా యాంటీబయాటిక్స్ ఎక్కించిరి. నడుమ ఒకమారు ఫిట్స్ వచ్చెను. కొన్ని నెలలకు చెవికిని శస్త్రచికిత్స జరిగెను. పేరులు మెల్లమెల్లగా తిరిగివచ్చినవి. ఎడమచెవి వినికిడి చాలవరకు పోయినది. ఫిట్స్ మాత్రలు నేటికిని వాడుచున్నాడు.

ఈ చికిత్సకు చరిత్ర కలదు. చెవి నుండి దుర్గంధముతో చీము కారుటను సుశ్రుతుడు పూతికర్ణమను పేర కర్ణరోగములలో చెప్పెను. గ్లాస్గో నగరమున విలియం మెక్యూయెన్ అను శస్త్రవైద్యుడు 1893లో ప్రకటించిన గ్రంథమున, తాను శస్త్రచికిత్స చేసిన 19 మెదడు చీముగడ్డలలో 18 మంది బ్రదికిరని వ్రాసెను. అప్పటికి ఎక్స్‌రే కూడ లేదు. రోగి మాటను, నడకను, చూపును పరిశీలించియే గడ్డ యెచట నున్నదో నిర్ణయించెడివాడు.

అధ్యయనమున స్వరదోషము జరిగినందుననే బాలునికి ఈ కీడు కలిగెనని ఒక పెద్ద అనిరి. అక్షరము నేర్వక పూర్వమే కారుచున్న చెవికి అపస్వరము కారణమెట్లగును? ప్రారబ్ధమున్నదనుటను నేను కాదనను. కాని ప్రారబ్ధమును ఒప్పుకొనుట పురుషప్రయత్నమును మానుటకు కాదు. దానిని చూపి రోగపీడితుడైన బాలునిపై దోషము మోపుట ధర్మము కాదు.

ఇక విచారము. కొంచెము చీము మనిషి మాటలను హరింపగలిగినచో, "నేను" అనునది మెదడేనా? ఈ సందేహము నన్నును పీడించెను. ఛాందోగ్యమున శ్వేతకేతువు కథ స్ఫురించెను. పదునైదు దినములు ఆహారము మాని నీరు మాత్రము త్రాగిన ఆతనికి నేర్చిన వేదము స్ఫురింపలేదు. భుజించిన పిదప తిరిగి వచ్చెను. మనస్సు దేహమును ఆశ్రయించి యుండునని ఉపనిషత్తే అంగీకరించినది. అంతఃకరణము సూక్ష్మమైనను జడమే. అన్నముచే పుష్టి నొందును, వ్యాధిచే క్షీణించును. అందువలన ఈ రోగము వేదాంతమునకు విరోధి కాదు.

బాలుని మాటను మరల తలచుకొనుడు: "నాకు తెలుసు, పేరు రావడం లేదు." పేరు లేదు, పేరు లేదను ఎరుక ఉన్నది. ఏ వెలుగున ఆ లోపము కనబడెనో దానిని పెద్దలు సాక్షి యనిరి. పిదప వాడు మగతలో పడి పలుకకున్నపుడు ఆ సాక్షి యెచట నున్నాడని యెవరైన అడుగవచ్చును. సుషుప్తి దృష్టాంతముతో శాస్త్రము సమాధానము చెప్పును. కాని ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో మా సోదరికి ఆ సమాధానము చెప్పుటకు నాకు నోరాడలేదు. ఆమె చెంత మౌనముగా కూర్చుంటిని. వేదాంతమును పలుకుటకును కాలమున్నది.

"దేహము నేను కాను" అనునది దేహమును ఉపేక్షించుటకు ఆజ్ఞ కాదు. మీ యిండ్లలో పిల్లల చెవి కారుచున్నచో వెల్లుల్లి కాచిన నూనెలు, ఆకుపసరులు పోయకుడు; చెవి వైద్యునికి చూపుడు. కారునది దుర్గంధముగా నున్నను, దానితో తలనొప్పి, వాంతి, మగత, మాట తడబాటు కలిగినను ఒక్క పూటయు ఆగకుడు. కుళ్ళిన దంతముల నుండియు, ముక్కు ప్రక్కనున్న సైనసుల నుండియు, పెదవులు నీలివర్ణమగు పుట్టుగుండెజబ్బులందును ఈ గడ్డ రావచ్చును.

శ్రవణము, మననము, నిదిధ్యాసనము అని సాధన చెప్పబడినది. మొదటిదానికి చెవి కావలెను. దానిని కాపాడుటయు సాధనయే.

స్వస్తి.