పరదేశమున క్రొత్త విద్యార్థి

క్రొత్త పాఠశాలలో కుదురుకొనుట యెట్లో నాలుగు మాటలు వ్రాసి యిమ్మని మన పత్రికవారు నన్ను కోరిరి. సముద్రముల కావలి విద్యాలయమున ఒక సంవత్సరము గడపి వచ్చినవాడను గావున ఆ విషయము నాకు బాగుగ తెలిసియుండునని వారి నమ్మకము. నేను నేర్చినది స్వల్పము; దానినైనను ఆలస్యముగ నేర్చితిని. ఉన్నది యున్నట్లు చెప్పెదను.

మాది ఎమ్మిగనూరు. మా నాయన నేతపనివాడు. 1938వ సంవత్సరమున మాచాని సోమప్పగారు స్థాపించిన చేనేత సహకార సంఘమునకు మా తాతగారి కాలమున బట్ట నేసి యిచ్చిన కుటుంబము మాది. మన పాఠశాలలో చదువు ముగిసిన పిదప, వేల్సు దేశమందలి అట్లాంటిక్ కళాశాలలో రెండేండ్లు చదువుటకు నాకు విద్యార్థివేతనము దొరకెను.

ఈ కళాశాలను 1962లో కుర్ట్ హాన్ అను జర్మను విద్యావేత్త యాశయము ననుసరించి నెలకొల్పిరి. యుద్ధములలో ఒకరినొకరు చంపుకొన్న దేశముల బిడ్డలు ఒకచోట నిద్రించి, ఒక బల్లయొద్ద భుజించి, ఒక పాఠము చదివినచో వైరము తగ్గునని ఆయన తలంపు. సముద్రపుటొడ్డున నున్న సెయింట్ డోనాట్సు అను ప్రాచీనమైన కోటయే దాని నివాసము. 16 మొదలు 19 ఏండ్ల ప్రాయముగల విద్యార్థులు 80కి పైబడిన దేశములనుండి వచ్చి యచట చదువుదురు. ఆదోని కొండమీది కోటను పాడుపడినదానినిగనే చూచి పెరిగిన నాకు, కోటలో పాఠములు చెప్పుదురనగా నవ్వు వచ్చెను.

ఆదోని స్టేషనులో బొంబాయి రైలెక్కునపుడు మా అమ్మ బొరుగుల మూటను, ఇంట నేసిన ఎఱ్ఱగళ్ల దుప్పటిని నా చేతి కిచ్చెను. మా నాయన చెప్పినది ఒక్కటే మాట: "ఎవరన్నా పలకరిస్తారని కాసుక్కూసోవద్దు నాయనా. నువ్వే పలకరించు." నేను తలయూపితిని గాని ఆ మాటను పాటింపలేదు.

నా గదిలో నాలుగు మంచములు. తక్కిన మువ్వురిలో ఒకడు నార్వే, ఒకడు కెన్యా, ఒకడు బొలీవియా దేశస్థుడు. వారు మంచివారే. అయినను భోజనపు బల్లయొద్ద వారి యింగ్లీషు వాన కురిసినట్లు కురియుచుండెడిది. నేనొక వాక్యమును మనస్సులో కూర్చుకొని, వ్యాకరణము సరిచూచుకొని, నోరు తెఱచునప్పటికి సంభాషణ మరియొక విషయమునకు పోయెడిది. పరీక్షలో ఇంగ్లీషున మొదటివాడనైన నేను రొట్టె నందిమ్మని యడుగలేక ఊరకుంటిని. అచట ఉపాధ్యాయులను పేరు పెట్టి పిలువవలెనట! నా నాలుక అందులకు తిరుగలేదు. పిలువవలసి వచ్చినపుడు దగ్గఱకు పోయి దగ్గుచుంటిని. జలుబు తగ్గలేదా యని వారు జాలిపడుచుండిరి.

గాజులదిన్నె జలాశయమే నేను చూచిన పెద్దనీరు. ఇచటి బ్రిస్టలు సముద్రశాఖలో ఆటుపోట్లు ప్రపంచమున మిక్కిలి పెద్దవానిలో చేరినవి. పైభాగమున పోటునకు ఆటునకు నడుమ నీటిమట్టము 14 మీటర్లవఱకు మారును. ఉదయము మెట్లను కొట్టిన సముద్రము మధ్యాహ్నమునకు ఎక్కడికో పోయి రాళ్లు బయటపడెడివి. డిసెంబరులో సాయంకాలము 4 గంటలకే చీకటి. ఆదివారము వచ్చినచో ఉగ్గాని, బజ్జి మనస్సున మెదలి, అమ్మ యిచ్చిన దుప్పటిలో తల దాచుకొని పండుకొనుచుంటిని.

ఆ చలిలోనే జ్వరము తగిలి కొన్ని దినములు తరగతికి పోలేదు. తిరిగి పోయినపుడు అర్థశాస్త్రపు పాఠము ముక్కయైనను బోధపడలేదు. కడపటి బల్లపై తలవంచుకొని కూర్చుండగా, బొలీవియా విద్యార్థి తన నోటుపుస్తకమును నా ముందుంచి, "వ్రాసికొని నీ వీలునుబట్టి యిమ్ము" అని చెప్పి పోయెను. నేను అడుగలేదు. అడుగవలసిన యవసరము అతడు నాకు కలిగింపలేదు.

ఆ పుస్తకమును తెఱవక చాలసేపు కూర్చుంటిని. నాకు మన ఎనిమిదవ తరగతి జ్ఞాపకమునకు వచ్చెను.

మన ప్రాంతపు సంగతి మీకు తెలియనిది కాదు. ఆదోని, కోసిగి, పెద్దకడబూరు ప్రాంతముల మెట్టపొలములలో పని తీరగనే కూలిజనము కుండలు, గోనెలు, బిడ్డలతో కూడ లారీలెక్కి గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోవుదురు. మా తరగతిలో ఒక బాలుడు అట్లు పోయి ఉగాది దాటిన పిదప తిరిగివచ్చెను. మిరపకాయల ఘాటునకు వాని వ్రేళ్లు పొరలు లేచియుండెను. కడపటి బల్లపై కూర్చుండెను. ఒకనాడు నా లెక్కల నోటుపుస్తకము అడిగెను. తరగతిలో మొదటివాడనను గర్వము నాది. "మళ్లా సుగ్గికి పోయేటోనివే గదా, నీకెందుకు?" అంటిని. చుట్టునున్నవారు నవ్విరి. వాడును నవ్వెను. మరుసటి సంవత్సరము సుగ్గికి పోయినవాడు మరల బడికి రాలేదు.

నా మాటచేతనే వాడు చదువు మానెనని చెప్పను. కఱవు, అప్పు, కూలి యనునవి నా మాటకంటె బలమైనవి. కాని వాడు తిరిగి వచ్చుటకు కారణమొకటి కావలసియుండగా, రాకుండుటకు నేనొకటి సమకూర్చితిని. క్రొత్తవాని మౌనమున ఎంత యడుగవలెనను కోరిక దాగియుండునో, కడపటి బల్లపై కూర్చున్ననాడు గాని నాకు తెలియలేదు.

ఆ రాత్రి పాఠమును వ్రాసికొంటిని. మరునాడు భోజనశాలలో నేనే పోయి, ఒంటరిగ కూర్చున్న యొక బాలుని ప్రక్కన కూర్చుండి వాని దేశమేదని యడిగితిని. తప్పుల యింగ్లీషే; అతనిదియు అట్టిదే. నా దుప్పటి నెవరు నేసిరని కెన్యా స్నేహితుడు అడుగగా, గుంటమగ్గము బొమ్మ గీచి చూపితిని. తరువాత మాటలకు కొదువ లేదు.

వేసవి సెలవులలో ఇంటికి వచ్చినపుడు వానిని వెదకికొనుచు పోతిని. ఆదోని మార్కెట్టుయార్డులో హమాలీగ నుండెను. నన్ను చూచి బస్తా దించి, "ఏమబ్బా, ఎప్పుడొస్తివి? ఆడ సలి శానా ఉంటాదంట గదా?" అనెను. నేను నోటుపుస్తకపు మాట యెత్తితిని. వాడు కొంచెముసేపు నేలను చూచి, "గుర్తుండాదిలే" అనెను. అంతకుమించి యేమియు ననలేదు. టీ త్రాగించి, డబ్బు నన్ను ఇయ్యనీయలేదు. పోవునపుడు మాత్రము ఇట్లనెను: "మా చెల్లెలు మన బడిలోనే ఏడోది సదువుతాండాది. సుగ్గి నుంచి వచ్చినంక దానికి నోట్సు ఎవురిస్తారో సూడల్ల."

సోదరులారా, సోదరీమణులారా! ఆ బాలిక పేరు నేను వ్రాయను. ఉగాది దాటిన పిదప మీ తరగతిలో కడపటి బల్లపై వచ్చి కూర్చుండువారు పలువురుందురు. వారిలో ఎవరైనను ఆమె కావచ్చును. వారు అడుగువఱకు వేచియుండకుడు. కొంచెము జరిగి చోటిండు. నోటుపుస్తకమును వారి ముందుంచుడు. క్రొత్తచోట కుదురుకొనుటను గూర్చి నాకు తెలిసిన దింతియే.