చెట్టు దగ్గరికే వెళ్లాలి

హైదరాబాదులో ఇప్పుడు మన కళ్లెదుటే బీరు తయారుచేసి పోసే మైక్రోబ్రూవరీలు చాలానే ఉన్నాయి. కొన్నిచోట్ల గోధుమ బీరు నిజంగా బాగుంటుంది. అయితే అందులో బార్లీ ఉత్తరాది పొలాలది, హాప్స్ ఎక్కువగా విదేశాలవి. మనదంటూ చేరేది నీళ్లు, చేసేవాళ్ల పనితనం. ఈ నేలలో ఊరి, ఈ గాలిలోనే పులిసే పానీయం కావాలంటే నగరం దాటి తాటివనం దాకా పోవాలి. నా మనసు కల్లు మీదే.

కల్లులో ఎవరూ ఈస్టు కలపరు. కల్లు గీసే గౌడన్న మోకు, ముత్తాదు వేసుకుని తాటిచెట్టెక్కి, గెల కొసను కత్తితో పల్చగా గీసి లొట్టి కడతాడు. గాలిలోనూ లొట్టి గోడలకూ ఉన్న ఈస్టు, బాక్టీరియా బొట్టు పడిన క్షణం నుంచే పని మొదలుపెడతాయి. లొట్టి లోపల సున్నం పూసి తెల్లవారకముందే దించితే పులియని నీరా. సున్నం లేకపోతే పొద్దుటికే కల్లు. పొద్దెక్కేకొద్దీ తీపి తగ్గి, మత్తూ పులుపూ పెరుగుతాయి. మర్నాటికి అది వినెగరు దారి పడుతుంది. ఈత కల్లు తియ్యగా, తేలిగ్గా ఉంటుంది. తాటి కల్లుది కాస్త ఘాటు. చలికాలం పొద్దున్నే చెట్టు కింద నిలబడి, తాటాకు దొన్నెలో పోయించుకున్న ఈత కల్లుకే నా ఓటు. దాని నురగలో పచ్చివాసన ఉంటుంది. ఆ వాసన గంటల్లో పోతుంది గనక దాన్ని సీసాలో పట్టి ఊళ్లు తిప్పడం కుదరని పని.

కుదరని చోటే కల్తీ పుడుతోంది. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ. లోటు పూడ్చడానికి కొందరు వ్యాపారులు క్లోరల్ హైడ్రేట్, డైజెపాం, ఆల్ప్రజోలం లాంటి మత్తుమందులు కలుపుతున్నారు. రోజంతా ఒళ్లు వంచి పనిచేసిన కూలీలు చవకని అదే తాగి, ఆ మందుకు బానిసలవుతున్నారు. ఒక్కరోజు దొరక్కపోతే వణుకుతో, ఫిట్స్‌తో ఆస్పత్రి పాలవుతున్నారు. ప్రాణాలు కూడా పోయాయి. దాన్ని కల్లు అనడానికి నాకు నోరు రాదు.

మంచి కల్లు కావాలంటే గీసే మనిషి తెలిసి ఉండాలి. ఏ చెట్టుది, ఎప్పుడు దించావు అని అడగండి. నిజాయితీగా గీసేవాడు చెట్టు చూపిస్తాడు. ప్రాణాలు మోకుకు అప్పగించి ఎక్కే మనిషి దగ్గర ధరకు బేరమాడకండి. మీ పొలం గట్టున తాటిచెట్టు ఉంటే కొట్టించకండి. విత్తు నాటాక అది గీతకు రావడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది.